నర్సు ఉద్యోగం విడిచి పూర్తికాల సేవకు వెళ్లాలా? పిలుపును గురించి అడిగిన చెల్లెలికి సమాధానం

చెల్లెమ్మా, ప్రభువు నామంలో మీకు వందనాలు.

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె, వయసు 26 ఏళ్లు, విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. మీ ఇంట్లో మీరే మొదటి విశ్వాసి, బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది. ఈమధ్య జరిగిన ఉజ్జీవ కూటాలలో ప్రసంగానికి వచ్చిన ఒక సేవకుడు మీ తలపై చేయి ఉంచి, దేవుడు మిమ్మల్ని పూర్తికాల సేవకు పిలిచాడనీ, ఈ ఉద్యోగం మీది కాదనీ చెప్పారు. అప్పటినుంచి డ్యూటీలో మనసు నిలవడం లేదు, రాజీనామా పత్రం రాసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఇంటికి వెళితే అమ్మవారి పండుగ, మీ పేరు, నుదుటి బొట్టు, ప్రతిదీ ఒక ప్రశ్నగా మారింది. "ఇంతకీ నేనెవరిని, దేవుడు నన్ను దేనికి పిలిచాడు?" అని అడిగారు.

నా సూటి సమాధానం: ఇప్పుడు రాజీనామా చేయకండి. మీరెవరన్న ప్రశ్నకు సమాధానం మీకు ఇదివరకే దొరికింది, దాన్ని ఏ కూటంలోనూ మళ్లీ సంపాదించుకోనక్కరలేదు. ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం నెమ్మదిగా, మీ సంఘం మధ్యలో, ఇప్పుడు మీరున్న చోటనే తేలుతుంది. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేయడం వల్లనే మీకు ఇంత నలుగుబాటు కలిగిందని నాకనిపిస్తోంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రులలో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడే స్త్రీలకు 20 ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. మీ ప్రశ్న వేరు వేరు రూపాలలో నా ముందుకు చాలాసార్లు వచ్చింది. నా విషయంలో కూడా ఒకప్పుడు వచ్చింది.

ముందు మీరెవరన్న సంగతి. యేసు యొర్దానులో బాప్తిస్మం పొంది నీళ్లలోనుంచి ఒడ్డుకు వచ్చినప్పుడు, "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న మాట ఆకాశం నుంచి వినిపించింది. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు, ఒక్క శిష్యుణ్ణీ పిలవలేదు. తండ్రి సంతోషం పనికంటే ముందు వచ్చింది. ఆ వెంటనే జరిగిన శోధనలో సాతాను మొదట తాకింది కూడా సరిగ్గా ఆ చోటునే: "నీవు దేవుని కుమారుడవైతే" ఈ రాళ్లను రొట్టెలు చేసి చూపించు, అన్నాడు. కుమారుడినని నిరూపించుకోమన్న ఆ ఒత్తిడికి ప్రభువు లొంగలేదు. మిమ్మల్ని ఇప్పుడు నలుపుతున్న ఒత్తిడి కూడా అలాంటిదే అని గమనించండి.

రోమా సంఘానికి రాసిన పత్రిక 8వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు వాడిన మాట మన తెలుగు బైబిలులో "దత్తపుత్రాత్మ" అని ఉంది. దత్తత అంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. దత్తత వచ్చిన బిడ్డకు ఆ రోజునే ఇంటిపేరు మారుతుంది, ఆ రోజునే హక్కు వస్తుంది. ఆ ఇంట్లో పదేళ్లు చాకిరీ చేశాక ఇచ్చేది కూలి అవుతుంది గాని దత్తత కాదు. పౌలు రాసిన నాటి రోమా చట్టంలో కూడా దత్తపుత్రుడు సంపూర్ణ వారసుడే. మీరు సేవకురాలైతే ఆ హక్కు పెరగదు, నర్సుగా ఉండిపోతే తరగదు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘాలలో పైకి ఎవరూ అనకపోయినా ఒక మెట్ల వరస ఉంది. సేవకులు పై మెట్టు మీద ఉంటారని, ఉద్యోగాలు చేసుకునే విశ్వాసులు కింది మెట్టు మీద ఉంటారని అందరూ లోలోపల నమ్ముతారు. ఇందుకు చరిత్రలో కూడా కొంత కారణం ఉందని నేననుకుంటాను. మన ఉత్తరాంధ్రలో 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నం వచ్చారు, ఆ శతాబ్దం చివరి దశాబ్దాలలో కెనడా బాప్తిస్టు మిషను వారు శ్రీకాకుళం, బొబ్బిలి వంటి చోట్ల పని ప్రారంభించారు. మిషను కాలంలో బడిపంతులు, కాంపౌండరు, నర్సు, ఇంటింటికి వెళ్లి స్త్రీలకు చదువు, వాక్యం చెప్పే బైబిల్ ఉమన్, అందరిదీ సేవ అనే పిలిచేవారు. కాలక్రమంలో బడులు, ఆసుపత్రులు మన జీవితంలో వేరే చేతుల్లోకి వెళ్లాయి, సేవ అన్న మాట మాత్రం ప్రసంగ వేదిక దగ్గరే మిగిలిపోయింది. ఇది నష్టమని నా అభిప్రాయం.

మీలాంటి మొదటి తరం విశ్వాసుల విషయంలో ఈ మెట్ల వరస ఇంకా బాధపెడుతుంది. ఇంట్లో, ఊళ్లో ఉన్న స్థానం కొంత పోయినట్టు అనిపిస్తుంది గనుక, ఆ పోయిన స్థానాన్ని సంఘంలో సంపాదించుకోవాలనే తపన మనకు తెలియకుండానే పుడుతుంది. ఎవరైనా తలపై చేయి ఉంచి "నీవు ప్రత్యేకం" అన్నప్పుడు అది దాహంలో ఉన్నవారికి నీళ్లు దొరికినట్టు ఉంటుంది. ఆ దాహం తప్పు కాదు. దాన్ని తీర్చుకోవలసిన చోటు వేరు.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నా బాప్తిస్మపు తరగతిలో ఒక అమ్మాయి ఎంతో ఆసక్తిగా ఉండేది, పాటలు బాగా పాడేది. ఒకరోజు ప్రార్థన ముగించాక, "దేవుడు నిన్ను సేవకు వాడుకుంటాడు, దర్జీపని వదిలి బైబిలు శిక్షణకు వెళ్లు" అన్నాను. నా మాటను ఆమె దేవుని మాటగానే తీసుకుంది, కుట్టుమిషను అమ్మి వెళ్లింది. రెండేళ్ల తరువాత తిరిగి వచ్చేసరికి చేతిలో పనిలేదు, పంపించినవారెవరూ బాధ్యత తీసుకోలేదు, అన్నిటికంటే ఘోరంగా, తాను దేవుణ్ణి నిరాశపరిచానని నమ్ముతూ ప్రార్థన మానేసింది. నేను ఆమె ఇంటికి వెళ్లి, ఆ మాట నా ఉత్సాహంలోనుంచి వచ్చిందని ఒప్పుకుని, క్షమించమని అడిగాను. ఆమె క్షమించింది గాని, తిరిగి సంఘానికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ తరువాత నేను ఎవరికీ "దేవుడు నిన్ను ఫలానా పనికి పిలిచాడు" అని చెప్పలేదు.

ఇక పిలుపు సంగతి. పౌలు పత్రికలలో పిలుపు అన్న మాట ఎక్కువ చోట్ల క్రీస్తు దగ్గరకు పిలవబడటాన్నే సూచిస్తుంది. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలో "మీరు పిలువబడిన పిలుపునకు తగినట్లుగా" నడుచుకోమని చెప్పిన వెంటనే ఆయన పెట్టిన జాబితా చూడండి: వినయం, సాత్వికం, దీర్ఘశాంతం, ఒకరినొకరు సహించడం. అందులో వృత్తి మార్పు లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో ఎవరు ఏ స్థితిలో పిలవబడ్డారో ఆ స్థితిలోనే ఉండమన్నాడు. అయితే దీన్ని కూడా అతిగా లాగకూడదు. ఆ తరువాతి వచనంలోనే, దాసుడికి స్వతంత్రుడయ్యే అవకాశం వస్తే దాన్ని వినియోగించుకోమన్నాడు. కాబట్టి స్థితి ఎన్నటికీ మారకూడదని కాదు, దేవునికి దగ్గర కావడానికి స్థితి మార్చుకోనవసరం లేదని ఆయన ఉద్దేశం.

మీ వృత్తి విషయంలో మన తెలుగు భాషే ఒక మాట చెబుతోంది. రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబే అనే స్త్రీని కెంక్రేయ సంఘ "పరిచారకురాలు" అన్నారు. సంఘంలో మనం గౌరవంగా చెప్పుకునే పని పేరు "పరిచర్య". రోగికి చేసే పనికి కూడా తెలుగులో అదే మాట. మంచం మీద కదలలేని ముసలమ్మకు వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, రాత్రి రెండు గంటలకు సెలైన్ బాటిల్ చూడటం, చనిపోయినవారి శరీరాన్ని గౌరవంగా తుడిచి బంధువులకు అప్పగించడం, ఇవన్నీ పరిచర్యే. బైబిలులో దేవుని ఆత్మతో నింపబడ్డాడని నిర్గమకాండం 31వ అధ్యాయం చెప్పే బెసలేలు ప్రవక్తా కాడు, యాజకుడూ కాడు, బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పనులు తెలిసిన పనివాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే ఉత్సాహం గల చెల్లెళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. వార్డును ప్రసంగ స్థలంగా చేయకండి. రోగి మన చేతుల మీద ఆధారపడి ఉన్నాడు, మందు మన చేతిలో ఉంది, కాదనే ధైర్యం అతనికి ఉండదు. ఆ స్థితిలో మన విశ్వాసాన్ని అతని ముందు పెట్టడం న్యాయం కాదు. రోగి తానుగా ప్రార్థించమని అడిగితే, పక్కవారికి ఇబ్బంది లేకుండా, నెమ్మదిగా ప్రార్థించండి. అడిగితే సమాధానం చెప్పండి, అదీ "సాత్వికముతోను భయముతోను" అని పేతురు రాసిన పద్ధతిలో. నా 31 ఏళ్లలో నా విశ్వాసం గురించి అడిగినవారు చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువమంది అడిగింది డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు.

మరి ఆ సేవకుడు చెప్పిన మాటను ఏం చేయాలి? కొట్టిపారేయనక్కరలేదు, గుడ్డిగా పాటించనక్కరలేదు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దని, సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని కొరింథీయుల మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉంది. పరీక్షించడం అవిశ్వాసం అయితే అపొస్తలుడు ఆ ఆజ్ఞ ఇచ్చి ఉండడు. పౌలునే చూడండి. దమస్కు దారిలో ప్రభువు అతణ్ణి పట్టుకున్న నాటికీ, అంతియొకయ సంఘం అతణ్ణి, బర్నబాను పంపిన నాటికీ మధ్య ఎన్నో సంవత్సరాలు గడిచాయి. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో ఆత్మ "వారిని నాకు ప్రత్యేకపరచుడి" అన్నది ఉపవాసంతో ఆరాధిస్తున్న సంఘంతో. వారిద్దరూ అప్పటికే ఆ సంఘంలో బోధిస్తున్నవారు. ముందు పని, ఆ పనిలో సంఘం చూసిన ఫలం, ఆ తరువాత పంపడం, ఇదీ ఆ వరస. ఒక్కరాత్రి కూటానికి వచ్చి మర్నాడు రైలెక్కే ప్రసంగీకుడికి మీ రోజువారీ నడత తెలియదు, మీ పాస్టరు గారికి తెలుసు.

నాకు 27 ఏళ్ల వయసులో ఇలాంటి కోరికే కలిగినప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆమె నన్ను వద్దనలేదు. కొన్ని ప్రశ్నలు మాత్రం అడిగి, ఏడాది ఆగి రమ్మన్నారు. ఆ ప్రశ్నలనే మీ ముందు పెడుతున్నాను. నీవు వెళుతున్నది దేనివైపు, లేక దేనినుంచి? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పుడు నా పై అధికారి ఒకామె నాతో కఠినంగా ఉండేది, వరుసగా నైట్ డ్యూటీలు వేసేది. నా "పిలుపు"లో సగం ఆ వార్డు నుంచి తప్పించుకోవాలన్న ఆశే అని ఒప్పుకోవడానికి నాకు నెలలు పట్టింది. రెండవ ప్రశ్న, జీతం లేకుండా, పేరు లేకుండా ఇప్పుడు ఏ పని చేస్తున్నావు? మూడవది, నీవు వెళితే నీ తిండి, అద్దె, జబ్బు చేస్తే వైద్యం ఎవరు చూస్తారు, వారు ఆ మాట నోటితో అన్నారా? ఏడాది తరువాత నాకు వెళ్లాలనిపించలేదు. అదే ఆసుపత్రిలో ఉండిపోయాను, దానికి ఒక్కరోజు కూడా చింతించలేదు.

అందరికీ ఇదే సమాధానం వస్తుందని అనుకోకండి. మాకు తెలిసిన ఒక మందుల షాపు కుర్రవాడు నాలుగేళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా సీతంపేట ఏజెన్సీలో సవర అనే గిరిజన తెగవారి గ్రామాలకు వెళ్లి వస్తూ, వారి భాష నేర్చుకున్నాడు. సంఘ పెద్దలు కూర్చుని, నెలకు ఇంత అని, పిల్లల ఫీజులు ఇంత అని రాసుకుని, అప్పుడు అతణ్ణి పంపారు. నేటికీ అక్కడే ఉన్నాడు. పొందూరులో ఒక సోదరి కథ దీనికి వేరుగా ఉంటుంది. ఆమె నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే ఆ పాత పని మీకు తెలిసే ఉంటుంది, దానికి గంటల తరబడి ఒకే చోట కూర్చోవాలి. ఆ కూర్చున్న చోటికే ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి తమ బాధలు చెప్పుకునేవారు, చేతులు పత్తి మీద ఉండగానే ఆమె వినేది, వారికోసం ప్రార్థించేది. ఏళ్ల తరబడి ఆ వసారాయే ఒక ప్రార్థన గుంపు అయింది. ఎవరో ఆమెను పూర్తికాల సేవకు రమ్మంటే, "రాట్నం ఆపితే వీళ్లు ఎక్కడికి వస్తారు?" అని అడిగిందట.

మీ విషయంలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించింది మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన సంగతి. మీ నర్సింగ్ చదువుకు మీ నాన్నగారు చేసిన అప్పు ఇంకా తీరలేదన్నారు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో, తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని "కొర్బాను", అనగా దేవార్పితం అని చెప్పి ఎగవేసేవారిని ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో చదవండి. ఆ అప్పు తీరేవరకు మీ జీతంలో ఒక భాగం మీ నాన్నగారిది. ఆ అప్పు వారి మీద వదిలి సేవకు వెళితే, మీ ఇంట్లో క్రీస్తు పేరు ఎలా వినబడుతుందో ఆలోచించండి.

ఇంటి విషయాలకు వస్తాను. మీకు పైడితల్లి అమ్మవారి పేరు పెట్టారని, బాప్తిస్మం తరువాత కూడా అదే పేరు ఉండటం తప్పేమోనని అడిగారు. తప్పు కాదు. సౌలు మారుమనస్సు పొందగానే పౌలుగా పేరు మార్చుకున్నాడని చాలామంది చెబుతారు గాని, అపొస్తలుల కార్యములలో ఆ మార్పు ఎక్కడా లేదు. "పౌలనబడిన సౌలు" అని 13వ అధ్యాయంలో ఉంది, అంటే రెండు పేర్లూ అతనివే. తొలి సంఘంలో అపొల్లో పేరు అపొల్లో దేవుడి పేరు నుంచి వచ్చింది, ఎపఫ్రొదితు పేరు అఫ్రొదీతె దేవత పేరు నుంచి వచ్చింది. ఎవరూ వారిని మార్చుకోమనలేదు. మన పక్కనే పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి గారు ఆ పురుషోత్తమ నామంతోనే చివరివరకూ జీవించారు, ఆయన రాసిన కీర్తనలు మన సంఘాలలో నేటికీ పాడుతున్నాము. మీ అమ్మగారు ప్రేమతో పెట్టిన పేరును గౌరవంగా మోయండి.

ఆ పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ దసరా తరువాతి మంగళవారం. ఆ రోజు ఇంటికి రావద్దని మీ సంఘంలో కొందరు అన్నారని రాశారు. నా మాట వేరు. ఒకరోజు ముందే వెళ్లండి. వంటలో సాయం చేయండి, వచ్చిన చుట్టాలకు వడ్డించండి, పిల్లలను చూసుకోండి. పూజలో పాల్గొనడం మీ మనస్సాక్షికి కుదరదు గనుక ఆ మాట పండుగకు వారం ముందే, అమ్మతో ఒంటరిగా, ఏడుపూ కోపమూ లేకుండా చెప్పండి. అందరి ముందు నిరాకరిస్తే అది ఆమెకు అవమానం. వారి దేవతను గురించి ఒక్క తేలిక మాట కూడా మీ నోట రాకూడదు, రానివ్వకండి. ఎన్నో ఇళ్లలో గొడవ వచ్చింది విశ్వాసం వల్ల కాదు, ఆ చెప్పే తీరు వల్ల.

బొట్టు గురించి రోమా పత్రిక 14వ అధ్యాయం చదివి మీ మనస్సాక్షి ప్రకారం చేయండి. పెట్టుకున్నవారిని, పెట్టుకోనివారిని తీర్పు తీర్చకండి.

ధ్రువపత్రాల విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది విశ్వాసులు రెండు పేర్ల బతుకు బతుకుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రంలో ఆ కులాలనుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలోని సీ వర్గంలో (బీసీ-సీ) ఉంటారు. షెడ్యూల్డు తెగలవారికి మతం మార్పుతో హోదా పోదు. ఈ నిబంధన అన్యాయమని నేను నమ్ముతాను, దాన్ని మార్చమని అడగడం మన హక్కు. కాని ఆదివారం ఒకటి, దరఖాస్తులో మరొకటి రాస్తూ ఉంటే మనిషి లోపల ఏదో చీలిపోతుంది. మీ కుటుంబం ఏ వర్గమో మీరు రాయలేదు. వర్తించేదైతే తెలిసిన న్యాయవాదిని అడిగి, నిజమైనదే రాయండి.

ఇక చేయవలసిన పని. ఈ ఆదివారం ఆరాధన తరువాత మీ పాస్టరు గారితో, పాస్టరమ్మ గారితో కూర్చుని కూటంలో జరిగింది జరిగినట్టు చెప్పండి. బ్యాగులో ఉన్న రాజీనామా పత్రాన్ని పాస్టరమ్మ గారి చేతికిచ్చి, ఏడాదిపాటు దాచమనండి. ఈ ఏడాదిలో సంఘంలో ఎవరూ చేయడానికి ఇష్టపడని ఒక పని తీసుకోండి, మంచం పట్టిన వృద్ధులను వారానికోసారి వెళ్లి చూడటం లాంటిది, మీ చేతికి తెలిసిన పనే. నాన్నగారి అప్పులో ఎంత తీరిందో ఒక పుస్తకంలో రాసుకోండి. సిరిమాను పండుగకు ఇంటికి వెళ్లి వచ్చాక, అమ్మగారితో మాట ఎలా సాగిందో నాకు ఇక్కడే రాయండి, మీ ఇద్దరి కోసం నేను ప్రార్థిస్తూ ఉంటాను.